తిరునాళ్లకు ముందు వచ్చిన ఉత్తరం

నాన్న సంవత్సరీకం అయిన మూడో రోజు అమ్మ నన్ను మంచం దగ్గరికి పిలిచింది.

"ఏమే రోహిణీ, మీ నాన్న ఉత్తరాలు తీసి చదవ్వే. వరసగా అన్నీ వింటా."

అమ్మ పేరు సామ్రాజ్యం. డెబ్బై ఎనిమిదేళ్లు. తుంటి విరిగినప్పటి నుంచి నరసరావుపేటలో మా ఇంట్లోనే ఉంటోంది. కాళ్లు పోయాయి గానీ, చెవులు మాత్రం పాము చెవులే.

"ఇప్పుడెందుకమ్మా, టీవీ పెడతాను చూడరాదూ" అన్నాను.

"టీవీలో మీ నాన్న మాట్లాడతాడా ఏంది?"

నాన్న నల్ల ట్రంకు పెట్టె మీద తెల్ల రంగుతో రాసిన 'హవల్దార్ యల్లమంద' ఇంకా చెరగలేదు. అడుగున, చీర అంచుతో కట్టిన ఇన్‌లాండ్ ఉత్తరాల కట్ట. అందులో ఒక ఉత్తరం ఉందని నాకు తెలుసు. నలభై ఐదేళ్లుగా తెలుసు.

నాన్న ఇరవై రెండేళ్లు మిలిటరీలో చేశాడు. ఏడాదికి రెండు నెలలు సెలవు. మిగతా పది నెలలూ మిరప తోటా, మంచాన పడ్డ నానమ్మా, నేనూ, తమ్ముడు గోపీనాథూ అందరమూ అమ్మ నెత్తినే. తమ్ముడికి ఫిట్స్ వస్తే భుజాన వేసుకుని ఊరి నుంచి పేట ఆసుపత్రి దాకా నడిచిన మనిషి. చదువు మాత్రం రాదు. మొగుడి మాటలు పరాయివాళ్ల నోట వినడానికి ఆమెకు సిగ్గు. అందుకని నేను బడిలో కూడబలుక్కుని చదవడం మొదలుపెట్టగానే ఆ పని నాకు అప్పగించింది. నాన్న ఉత్తరాలు చదివేదాన్నీ నేనే, ఆమె చెబుతుంటే జవాబు రాసేదాన్నీ నేనే. ఆ ఇంట్లో నాది చిన్న ఉద్యోగం కాదు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు మా ఊరి ప్రభను, వెదురు గడలకు రంగు కాగితాలు అతికించి తాటిచెట్టంత ఎత్తు లేపేదాన్ని, మా వాకిట్లో కట్టారు. మూడేళ్లు కట్టక కట్టక కట్టిన ప్రభ. శివరాత్రికి దాన్ని కోటప్పకొండ తిరునాళ్లకు తోలుకెళ్లేటప్పుడు బండి మీద, ప్రభ మొదలు దగ్గర నన్ను కూర్చోబెడతానని త్రికోటేశ్వరరావు బాబాయి మాటిచ్చాడు. నేను బడిలో ఆ సంగతి చెప్పని పిల్ల లేదు. సరిగ్గా అప్పుడు వచ్చింది ఉత్తరం. నాన్నకు క్వార్టరు ఇచ్చారు. శివరాత్రికి ముందే పిల్లల్ని తీసుకుని జబల్‌పూర్ వచ్చేయమన్నాడు.

నేను ఆ లైన్లు చదవలేదు. క్షేమ సమాచారం చదివి, కింద పిల్లలకు పెట్టిన ముద్దులు చదివి, మడిచి ఇచ్చేశాను. తిరునాళ్ల నుంచి రాగానే చదువుదామనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

తిరునాళ్ల నుంచి వచ్చేసరికి రెండో ఉత్తరం వచ్చి ఉంది. 'రమ్మన్నదానికి నువ్వు ఉలకలేదు, పలకలేదు. క్వార్టరు వేరేవాళ్లకు ఇచ్చేశాను. నీకు ఊరే బాగుంటే అక్కడే ఉండు' అని రాశాడు. అదీ చదవలేదు. ఈసారి భయంతో.

ఆ ఏడు సెలవుకు వచ్చిన నాన్న అన్నం దగ్గర తల ఎత్తలేదు. ఒక్కసారి మాత్రం, "నీకు ఈ ఊరూ పొలమే బాగున్నట్టున్నయ్" అన్నాడు. "బాగుండక ఏం చేస్తయ్" అంది అమ్మ మజ్జిగ పోస్తూ. అక్కడితో సరి. మళ్లీ ఆ మాట ఎత్తలేదు ఇద్దరూ. నేను పక్కనే కూర్చుని విన్నాను.

మా వీధి కుసుమత్త కూడా మిలిటరీ ఆయన భార్యే. ఆమె క్వార్టర్సులో ఉండి, హిందీ నేర్చుకుని, స్వెట్టర్లు అల్లుతూ తిరిగి వచ్చింది. అమ్మ ఆమె దగ్గర కూర్చుని నాన్నకు స్వెట్టరు అల్లడం నేర్చుకుంది. "నువ్వూ పోవచ్చుగా వదినా" అని ఆమె అంటే, "అడిగి పిలిపించుకునేది ఏంది?" అనేది అమ్మ. ఆ మాట విన్నప్పుడల్లా నేను అక్కణ్ణుంచి లేచిపోయేదాన్ని. పెద్దయ్యాక చెప్పొచ్చు. పెళ్లయ్యాక చెప్పొచ్చు. నాన్న పోకముందు చెప్పొచ్చు. చెప్పలేదు.

ఇప్పుడు కట్ట విప్పి ఒక్కొక్కటే చదువుతున్నాను. అమ్మ కళ్లు మూసుకుని వింటోంది. ఆ ఉత్తరం చేతికొచ్చింది. "ఇక్కడ నేను క్షేమం. అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను" దాకా చదివి ఆగాను. వదిలేసి కిందికి పోవచ్చు. అది నాకు తొమ్మిదేళ్లకే చేతనైన పని. బడిలో పిల్లలు ఒక్క లైను దాటేస్తే చెవి మెలిపెట్టే పంతులమ్మను నేను.

"ఏందే ఆగావు? అక్షరాలు పోయినయ్యా?"

"పోలేదమ్మా. అప్పుడు నేనే వదిలేశాను."

చదివాను. 'నాకు క్వార్టరు ఇచ్చారు. రెండు గదులు. కిటికీలోంచి రైలు కనబడుతుంది. నీ కోసం కిరసనాయిలు స్టవ్వు కొన్నాను. అమ్మను త్రికోటేశ్వరరావు ఇంట్లో ఉంచి, శివరాత్రికి ముందే పిల్లల్ని తీసుకుని వచ్చెయ్యి. మీ తమ్ముణ్ణి తోడు తెచ్చుకో.'

అమ్మ కళ్లు తెరిచింది.

"స్టవ్వు కొన్నాడా?"

"కొన్నానని రాశాడు."

"నాకనే?"

"నీకనే అమ్మా."

అమ్మ గోడవైపు చూస్తూ అంది. "నా మోటు మాటకి సిగ్గుపడి పిలవలేదనుకున్నానే. ఆయన పోయిందాకా అట్టాగే అనుకున్నా."

ప్రభ సంగతి చెప్పాను. రెండో ఉత్తరం సంగతీ చెప్పాను. ఏడుస్తూ, "నన్ను తిట్టమ్మా" అన్నాను.

"తిడితే నీకు బాగుంటది. నేను తిట్టను."

తల నిమరలేదు. పోనీలే అనలేదు.

"మళ్లీ చదువు" అంది. చదివాను. మళ్లీ చదవమంది. మూడోసారి రైలు దగ్గర ఆగమని, కాసేపు ఆగి, కానివ్వమంది.

"కాయితం తెచ్చుకో. జవాబు రాయాల."

"ఎవరికమ్మా?"

"ఉత్తరం రాసినోడికి. ఇంకెవరికి?"

దిద్దడానికి తెచ్చిన పిల్లల నోటుబుక్కులు పక్కనే ఉన్నాయి. ఒకదాంట్లోంచి కాగితం చించుకుని కూర్చున్నాను.

"వస్తన్నానని రాయి. నువ్వు పిలిచినట్టు ఇయ్యాలే తెలిసిందని రాయి. ఎందుకు ఆలస్యమయిందో, ఎవరి వల్ల అయిందో, అది కూడా రాయి."

అన్నీ రాశాను.

"రాశావా? ఏదీ, చదువు."

చదివాను. నా పేరు దగ్గరికి వచ్చాను. అమ్మ వింటోంది. ఒక్క ముక్క వదలకుండా చివరిదాకా చదివాను.