మూసుకోని సున్నా

కళాశాలలో వెబ్ డిజైన్ నేర్పే గదికి మొదటిరోజు పెయింటర్ కాస్త ఆలస్యంగా వచ్చాడు. నెరిసిన జుట్టు చూసి, పాఠం చెప్పేది ఈయనే అనుకుని పిల్లలంతా లేచి నిలబడ్డారు. ఆయన నేరుగా వెళ్లి వెనక వరసలో కూర్చునేసరికి గది గొల్లుమంది.

"కూర్చోండి నాయనా, నేనూ మీ బాపతే," అన్నాడు. ఆ పూట నుంచి వాళ్లకు ఆయన బాబాయ్ అయిపోయాడు.

యాభై నాలుగేళ్ల మనిషి. ముప్పై అయిదేళ్లు దుకాణాలకు బోర్డులు రాశాడు. ఇప్పుడు వాటిని యంత్రాలు అచ్చువేస్తున్నాయి. తన బోర్డులు ఒక్కొక్కటే దిగిపోతుంటే, మిగిలిన ఇరవై మూడింటికీ ఫోనులో ఫొటోలు తీసుకున్నాడు. వాటిని ఒక వెబ్ పేజీలో నిలబెట్టి అక్కకు చూపించాలని ఆయన కోరిక.

చూపించటం అన్న మాటకు అక్క నవ్వింది. పన్నెండో ఏట జ్వరం వచ్చి ఆమెకు చూపు పోయింది. అప్పటికి తమ్ముడికి నాలుగేళ్లు. అతను పెరిగి ఏ పని చేస్తున్నాడో ఆమెకు తెలుసు. ఎలా చేస్తాడో తెలియదు. "నీ చొక్కాకంటిన టర్పెంటైన్ వాసన తప్ప నీ పనిలో నాకు చేరిందేముందిరా?" అంది ఒకసారి. నిష్ఠూరమేమీ లేదందులో. అయినా ఆ మాట ఆయనలో ముల్లులా దిగి ఉండిపోయింది. ఈ మధ్య ఆమె చేతికి ఒక ఫోను వచ్చింది. తెరమీది రాతల్ని అది పైకి చదివి వినిపిస్తుంది. పేజీ అంటూ ఉంటే తన బోర్డుల్నీ చదువుతుంది. అందుకే ఈ వయసులో ఈ చదువు.

మొదటి పాఠంలో లెక్చరర్, ఆయన కూతురి ఈడు మనిషి, ఒక పూలదుకాణం పేజీని తెరమీద తెరిచింది. "దీని వెనక ఏముందో చూద్దాం," అని ఏదో నొక్కింది. పూలు మాయమయ్యాయి. పైనుంచి కిందిదాకా అక్షరాలు. పువ్వు ఎక్కడ నిలబడాలో, దాని పక్కన ఎంత ఖాళీ ఉండాలో, అన్నీ మాటలే. ఆయన ఒళ్లు గగుర్పొడిచింది. ఇన్నేళ్లూ తాను అక్షరాన్ని బొమ్మగా మారుస్తూ వచ్చాడు. ఇక్కడ బొమ్మ నిలబడి ఉన్నదే అక్షరం మీద.

తన వంతు వచ్చినప్పుడు, ఎరుపును సూచించే ఒక్క మాట టైపు చేశాడు. తెరంతా ఎర్రబడింది. ఎరుపంటే ఆయనకు రెండు పూతలు, మధ్యలో ఒక రోజు ఎదురుచూపు, వాన పడకూడదని ఆకాశం కేసి చూడటం. ఆరిందో లేదోనని తనకు తెలియకుండానే వేలితో తెరను తాకాడు.

పక్క కుర్చీలో అమ్మాయి కిసుక్కుమంది. నోరు ఊరుకోదు కనుక తరగతి ఆమెకు రేడియో అని పేరు పెట్టింది. "బాబాయ్, వేలికి అంటిందా?"

"అంటింది తల్లీ. నీకు కనబడటం లేదంతే."

నాలుగో వారంలో లెక్చరర్ చెప్పింది: పేజీలో బొమ్మ పెట్టిన ప్రతిచోటా, చూడలేనివారి కోసం, అందులో ఏముందో మాటల్లో రాసి కోడ్‌లో ఉంచాలి. ఆయన శ్రద్ధగా విన్నాడు, పుస్తకంలో రాసుకున్నాడు, తనకది అవసరం లేదనుకున్నాడు. పువ్వులు పెట్టేవాళ్లకూ పిల్లులు పెట్టేవాళ్లకూ ఆ బాధ. తాను పెడుతున్నవి అక్షరాలు. అక్షరాల్ని ఫోను ఎటూ చదువుతుంది. కుంచె పట్టి బతికినవాడు తప్ప మరొకడు చేయలేని పొరపాటది.

తరగతుల ఆఖరి మధ్యాహ్నం అందరూ తమ పేజీలు చూపించారు. ఇళ్లవాళ్లు కూడా వచ్చారు. ఆయన పేజీ తెరమీదకి రాగానే పిల్లలు చప్పట్లు కొట్టారు. అక్క ముందు వరసలో కూర్చుని ఫోను నొక్కింది.

"చిత్రం. నాలుగు వందల పదకొండు," అంది ఫోను. "చిత్రం. నాలుగు వందల పన్నెండు. చిత్రం. నాలుగు వందల పదమూడు."

ఇరవై మూడూ అంతే.

"ఇవన్నీ అంకెలేనేంట్రా?" అంది అక్క. "వరసగా లెక్కల మాస్టార్ల ఇళ్లకే రాశావా?"

అందరూ నవ్వారు, అక్క కూడా. ఆయన కుర్చీలోంచి లేచాడు. "మేడం, అవి అక్షరాలు కదా!" అన్నాడు.

లెక్చరర్ గొంతు తగ్గించింది. "మనకి అక్షరాలు, పెయింటర్ గారూ. దానికి రంగు మరకలు. ఫొటోకున్న నంబరు తప్ప దానికేమీ తెలీదు."

"ముప్పై అయిదేళ్లు నేను రాసింది మరకలా?"

ఆమె ఆయన పక్కకు కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఈ గది సోమవారం దాకా తెరిచే ఉంటుంది. ప్రతిదానికీ ఒక మాట పెట్టండి."

మర్నాడు ఆయన మొదటి బోర్డుకు మాటలు రాశాడు: పాలదుకాణం బోర్డు. రేడియో తొంగిచూసి పెదవి విరిచింది.

"ఆ ముక్క పాలమనిషిని అడిగినా చెప్తాడు బాబాయ్. మీ అక్క అడిగింది పాలగురించా? మీ చెయ్యి గురించి కదా."

ఆయన ఫొటోను పెద్దది చేశాడు. ఎన్నడూ తన అక్షరాన్ని ఊరికే చూడలేదు; తప్పుల కోసమే చూశాడు. ఇప్పుడు చూపులేని మనిషికి అప్పజెప్పాలి గనక చూడక తప్పదు. గుండ్రం ఎక్కడ మొదలైంది? కుంచె ఎక్కడ బరువు పెట్టింది? రాసింది తానే అయినా ఎవరో అపరిచితుడి ఉత్తరం చదువుతున్నట్టుంది. అక్షరం ఇంతకీ ఎక్కడుంటుంది? గోడమీదైతే, గోడ పోయాక మిగిలేదేమిటి? కంట్లోనైతే, అక్క దగ్గరున్నదేమిటి?

దర్జీ కొట్టు బోర్డు దగ్గర ఆయన చెయ్యి ఆగింది. అందులో గుండ్రమేదీ పూర్తిగా మూసుకోలేదు. పైన, కుడివైపు, వెంట్రుకవాసి సందు. పాలదుకాణం తీసి చూశాడు, మందులషాపు చూశాడు. ఇరవై మూడింటిలోనూ అదే. తోటి పెయింటర్లు ఆ సందు చూసే ఇది ఫలానావాడి పని అని పోల్చుకునేవాళ్లు. కుర్రతనంలో దిద్దుకోబోయాడు, కలిపే చోటికి రాగానే చెయ్యి దానంతటదే లేచిపోయేది. ఉన్నదున్నట్టు రాశాడు: గుండ్రాలు పైన కలవలేదు. ఎందుకో నాకు తెలియదు.

సోమవారం అక్క వచ్చింది. లెక్చరర్, రేడియో తప్ప గదిలో ఇంకెవరూ లేరు. ఫోను చదవసాగింది.

"పాలదుకాణం. నీలం మీద తెలుపు. చివరి అక్షరం చోటు చాలక ఇరుక్కుంది."

"ఇరుక్కోదూ మరి!" అంది అక్క. "బడికీ అంతే కదా, ఆఖర్న పరిగెత్తేవాడివి."

ఆయన ఊపిరి కొంచెం తేలికపడింది. ఫోను దర్జీ కొట్టుకు వచ్చింది. "గుండ్రాలు పైన కలవలేదు. ఎందుకో నాకు తెలియదు."

అక్క ఫోను ఆపేసింది. దాన్ని ఒళ్లో పెట్టుకుంది. తరవాత, "వీపు ఇటు పెట్టు," అంది.

"ఏంటక్కా, అందరి ముందూ..."

"తిరగరా అంటే!"

ఆయన అటు తిరిగి కూర్చున్నాడు. చొక్కా మీద ఆమె వేలు మెల్లగా ఒక సున్నా చుట్టింది. పైదాకా వచ్చి కలవబోతుండగా ఆయన భుజం ఉలిక్కిపడి పక్కకు జరిగింది. వేలు గాలిలో నిలిచిపోయింది.

"చూశావా," అంది అక్క. "నీకు గుర్తుండేంత వయసు లేదప్పుడు. పలకమీద రాస్తే గీత ఎటు పోతోందో నాకేం తెలుస్తుంది? అందుకే నీకు అక్షరాలన్నీ వీపుమీదే నేర్పాను. సున్నా కలిపేలోపల నీకు చక్కిలిగింత పుట్టేది. ఒక్కసారి కూడా కలపనిచ్చావు కాదు."

ఆయన ఇరవై మూడు బోర్డుల కేసి చూస్తూ ఉండిపోయాడు. ఏ నిచ్చెన మీద నిలబడినా, ఏ గోడకు ఎదురుగా ఉన్నా, ఆ వేలు తన వెనక కదులుతూనే ఉందన్నమాట. తన పనిలో ఆమెకు చేరిందేమిటని ఇన్నాళ్లూ దిగులుపడ్డాడు. పని బయల్దేరిందే ఆమె దగ్గర్నుంచి.

కీబోర్డు ముందుకు జరిగాడు. చివరి వాక్యం చెరిపేసి మూడు మాటలు రాశాడు. అక్క మళ్లీ నొక్కింది.

"గుండ్రాలు పైన కలవలేదు," అంది ఫోను, అలవాటైన ఆ ఒకే గొంతుతో. "మా అక్క చెయ్యి."

అక్క తల వంచుకుని విన్నది.

"ఇంకోసారి చదివించు," అంది.