కొత్తవాళ్ళ పుస్తకం

ఆ శుక్రవారం కూడా అమ్మణ్ణి ముందు నీళ్ళ కూజా నింపి, గ్లాసులు బోర్లించి, ఆ తర్వాతే గుమ్మం పక్క ప్లాస్టిక్ కుర్చీలో కూలబడింది. చీకటితో లేచి, సేటు ఇంట్లో పదిమందికి వండిపెట్టి వచ్చిన ఒళ్ళు అది. పాదాలు వాచి చెప్పుల్లో పట్టడం లేదు. బ్లీచింగు నీళ్ళకు వేళ్ళు పగిలి తెల్లబడ్డాయి. గల్ఫులోని ఈ సలాలాకు పనికొచ్చి పద్దెనిమిదేళ్ళు. అందులో పన్నెండేళ్ళుగా ఈ చర్చి గుమ్మం ఆమెదే.

"ఎవరొచ్చినా మనవాళ్ళే, ఏ మతమని అడగొద్దు" అన్నది ఫాదరుగారి మాట. మాట ఆయనది, చాకిరీ అమ్మణ్ణిది. కొత్తవాళ్ళు పుస్తకంలో పేరూ ఊరూ రాయాలన్నది మాత్రం సెక్రటరీ సురేందర్ పెట్టిన పద్ధతి. పాపం, చెడ్డవాడు కాదు, కాగితం లేనిదే ఊపిరాడని మనిషి. ఆ పుస్తకం చూసి కొందరు గేటు దగ్గర్నుంచే వెనక్కి మళ్ళేవారు. అందుకని అమ్మణ్ణి వాళ్ళకు బదులు తన పేరే రాసేసేది. ఆమెకు రాయడం వచ్చిన అక్షరాలు అవి మూడే. "వారం వారం కొత్తదానివేనా?" అని జనం నవ్వేవారు. నవ్వితే నవ్వనీ అనుకునేది.

ఇవాళ గోడ నీడన ఒకామె నిలబడి ఉంది. నుదుట పెద్ద బొట్టు, చేతిలో బట్టల కవరు. లోపలికీ రాదు, బయటికీ పోదు. అమ్మణ్ణి మోకాలు పట్టుకుని కుంటుకుంటూ గ్లాసుతో వెళ్ళింది.

"ముందు నీళ్ళు తాగమ్మా."

ఆమె గటగటా తాగేసింది. "బొట్టు తుడుసుకోవాల్నా అక్కా?"

"ఎందుకూ? నీ మొహానికి బాగుంది, ఉంచుకో."

"పేరు రాయిస్తరా? సేటింట్ల కొడుతుంటే ఓర్వలేక పారిపోయొచ్చిన. తెలిస్తే మళ్ళ గుంజుకపోతరు."

అమ్మణ్ణి ఆమెను బల్ల దగ్గరికి తీసుకొచ్చి, పుస్తకం తెరిచి తన పేరు రాసింది. పక్కన ఊరి గడి ఎప్పటిలాగే ఖాళీగా వదిలేసింది.

"ఇంక నీకేం భయం లేదు. పేరేంటి? ఏ ఊరు?"

"కమలవ్వ. జగిత్యాల. నీది ఏ ఊరక్కా?"

ఇన్నేళ్ళలో తిరిగి ఆమెను అడిగినవాళ్ళు లేరు. అమ్మణ్ణికి కళ్ళు చెమర్చాయి.

"గోగులంకమ్మా, గోదాట్లో. రేవు దగ్గర మా తమ్ముడు ఏసోబు టీకొట్టు. వచ్చే నెల్లో ఎల్లిపోతాను. ఇంక నావల్ల కావట్లేదు."

కమలవ్వను చివరి వరసలో కూర్చోబెట్టి, మళ్ళీ తన కుర్చీలోకి చేరింది.

ఆరాధన అయ్యాక కమలవ్వ తనే కూజాలో నీళ్ళు వంచి తెచ్చి "అక్కా" అంది. గోడకు తల ఆన్చిన అమ్మణ్ణి పలకలేదు. చెయ్యి చల్లగా ఉంది. ఆమె అలసట తీరిపోయింది.

"ఈమె ఇంటోళ్ళకు ఎట్ల చెప్పాలె? ఏ ఊరో ఎవరికన్న ఎరుకనా?" అంటూ సురేందర్ బల్ల దగ్గరికొచ్చాడు. పుస్తకం తిరగేశాడు. ప్రతి పేజీలోనూ అమ్మణ్ణి పేరుంది; ఊరు ఒక్కచోటా లేదు. పోలీసులు వస్తున్నారని ఎవరో అన్నారు. కమలవ్వ కవరు చంకన పెట్టుకుని గబగబా గేటు దాకా పోయింది. అక్కడ ఆగి, తిరిగొచ్చింది.

"నాకెరుక. గోగులంక. రేవు కాడ తమ్ముని టీకొట్టు. ఏసోబు."

"నువ్వెవరమ్మా?"

కమలవ్వ కలం అందుకుంది.

అందరూ కుర్చీ చుట్టూ మూగారు. బల్ల మీద పుస్తకం తెరిచే ఉంది. అమ్మణ్ణి రాసిన చివరి పేరు పక్కన గోగులంక, దాని కింద ఇంకా తడి ఆరని అక్షరాల్లో కమలవ్వ, జగిత్యాల.