నాలుగు నాలుగులు

సరిగ్గా ఏడు గంటల వార్తల ముందు టీవీకి మతిమరుపు వచ్చింది.

మధ్యాహ్నం దాకా బాగానే ఉంది. మావయ్య సోఫాలో మెత్తటి మూల చూసుకుని కూర్చుని రిమోటు నొక్కేసరికి, తెర మీద ఒక సున్నా గానుగెద్దులా గుండ్రంగా తిరిగింది. తిరిగి తిరిగి, "కొత్త హంగులతో వచ్చాం. దయచేసి మళ్ళీ లాగిన్ అవ్వండి" అంది.

"మన గోడకి వేలాడుతూ, మన కరెంటు తాగుతూ, మనల్నే మీరెవరని అడుగుతోందేంటి బావా?" అన్నాడు మావయ్య.

"నువ్వే ఏదో నొక్కి ఉంటావు."

"నొక్కింది ఒక్క మీట. మా అక్కే సాక్షి."

"మీ అక్క నీ వైపే చెబుతుంది. పుట్టింటి సాక్ష్యం చెల్లదు."

ఇంకో రోజైతే మావయ్య ఈ గొడవని రాత్రి భోజనాల దాకా సాగదీసేవాడు. ఇవాళ అంత ఓపిక లేదు. మేనకోడలు మొదటిసారి టీవీలో వార్తలు చదువుతోంది. చిన్నప్పుడు నోరు మూతపడేది కాదని ఆయన దానికి గంటమ్మ అని పేరు పెట్టాడు. ఆ గంటమ్మ పొద్దున ఫోన్ చేసింది. "అమ్మా నాన్నా నేనెలా చదివినా బంగారం అంటారు మావయ్యా. నువ్వు మాత్రం నిజం చెప్పాలి. నీ మాట కోసమే చూస్తుంటా" అంది. పుట్టి బుద్ధెరిగాక మావయ్యని నిజం చెప్పమని అడిగినవాళ్ళు లేరు. అప్పటి నుంచీ ఆయన కాలు ఒకచోట నిలవట్లేదు.

ఈ ఇంటికి మొదటి టీవీ వచ్చినప్పుడు గంటమ్మకి ఐదేళ్ళు. మావయ్య అది వచ్చిన అట్టపెట్టెకి కిటికీలా కన్నం కోసిచ్చాడు. అది అందులో దూరి పాత పేపరు తలకిందులుగా పట్టుకుని వార్తలు చదివేది. సౌండు పెంచాలంటూ మావయ్య దాని చెవి మెలిపెట్టేవాడు. అది ఇంకా గట్టిగా అరిచేది. ఆ అట్టపెట్టె టీవీ అంత చక్కగా మరే టీవీ పలకలేదు.

టీవీ ఇప్పుడు, "మీ ఫోనుకి కోడ్ పంపాం" అంది.

పంపింది బావ ఫోనుకి. మీటలు అరిగిపోయిన పాత డబ్బా ఫోను. చుట్టూ మేడలు లేచాక ఆ ఇంట్లో దానికి సిగ్నల్ అందేది డాబా మీద, నీళ్ళ ట్యాంకు పక్కన మాత్రమే. మావయ్య ఫోను పట్టుకుని ఎక్కాడు, కోడ్ చూశాడు, మోకాళ్ళు పట్టుకుంటూ దిగాడు. అప్పటికే తెర మీద, "సమయం మించిపోయింది" అని రాసి ఉంది.

"పక్కింట్లో చూద్దాం పదండి," అంది అక్క.

"మన పిల్లని మనం పక్కింట్లో చూస్తామా? తలకొట్టేసినట్టుండదూ?" అన్నాడు బావ.

ఇక పాత పద్ధతే దిక్కయింది. యాంటెన్నా రోజుల్లో గాలి గట్టిగా వీస్తే చాలు, బొమ్మ పోయేది. బావ డాబా మీద గొట్టం తిప్పేవాడు, అక్క మెట్ల మలుపులో నిలబడి ఇటు మాట అటు అందించేది, మావయ్య టీవీ ముందు కూర్చుని వచ్చిందీ పోయిందీ చెప్పేవాడు. బొమ్మ అద్దంలా వచ్చినా, "ఇంకా చుక్కలే బావా, కొంచెం ఎడమకి" అంటూ వేరుశనక్కాయలు ఒలుచుకుని సినిమా మొత్తం చూసేసిన రోజులున్నాయి. ఎండలో వంకాయలా కమిలి దిగిన బావ, ఈ జన్మలో నీ మాట నమ్మి డాబా ఎక్కనని ఒట్టేసుకున్నాడు. అయినా ఆ టీవీ ఎంత మొండికేసినా నెత్తిన ఒకటిస్తే దారికొచ్చేది. దీన్ని కొడితే ఆస్తి పోతుంది.

మావయ్య మళ్ళీ ట్యాంకు దగ్గరికి ఎక్కాడు. అక్క మెట్ల మలుపులో నిలబడింది. బావ రిమోటు పట్టుకున్నాడు. ఫోను కుయ్యిమంది.

"నాలుగు, నాలుగు, నాలుగు, నాలుగు," పైనుంచి అన్నాడు మావయ్య.

"అన్నీ నాలుగులేనటండీ," అంది అక్క.

కింద నుంచి బావ గొంతు వినిపించింది. "నా చెవిలో ఏమన్నా పువ్వు కనిపిస్తోందా అని అడుగు వాణ్ణి."

"ఒట్టు బావా. అన్నీ నాలుగులే వచ్చాయి. నేనేం చెయ్యను?"

"ఏ కోడైనా అలా వస్తుందా? సరిగ్గా చెప్పమను. ఇవాళ కూడానా వీడి వేళాకోళం?"

"నొక్కి చూడు బావా, నీ సొమ్మేం పోయింది?"

"తప్పు నొక్కితే అది శాశ్వతంగా మూసుకుంటే? అప్పుడు పళ్ళికిలిస్తాడు."

అక్కకి తిక్క రేగింది. తనే పైకెక్కి, కళ్ళజోడు సర్దుకుని ఫోను చూసి, కిందికెళ్ళి, "నాలుగు నాలుగులే. నా మాటైనా నమ్ముతారా?" అంది. బావ నొక్కాడు. "సమయం మించిపోయింది," అంది టీవీ.

మూడోసారి వచ్చింది మామూలు కోడు. బావ నోరెత్తకుండా నొక్కాడు. టీవీ తెరుచుకుని, "ఎవరు చూస్తున్నారు?" అని అడిగింది. ఎవరో ఒకరని నొక్కారు. తర్వాత ఒక సబ్బు ప్రకటన మొదలైంది. దాన్ని దాటేసే మీట ఎక్కడా లేదు. మావయ్య ఆయాసపడుతూ గుమ్మంలోకి వచ్చేసరికి తెర మీద గంటమ్మ కాగితాలు సర్దుకుంటూ, "వార్తలు ఇంతటితో సమాప్తం" అంది. కట్టుకున్నది నీలం చీరో ఆకుపచ్చో చూసేలోపే పోయింది.

ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పైన ట్యాంకు పక్కన వదిలేసిన ఫోను మోగింది. ముగ్గురూ పరిగెత్తారు.

"బంగారంలా చదివావమ్మా," అన్నాడు బావ, దమ్ము తీసుకోకుండా.

"నా దిష్టే తగిలేట్టుంది," అంది అక్క.

"మావయ్యకివ్వండి."

బావ ఫోను ఇస్తూ, చెప్పకురా బాబూ అన్నట్టు కళ్ళతోనే బతిమాలాడు.

"చూడలేదే గంటమ్మా," అన్నాడు మావయ్య. "టీవీ తెరుచుకోలేదు. కోడు నాలుగు నాలుగులు వచ్చింది. మీ నాన్న నమ్మలేదు."

అవతల నవ్వు. "నాలుగు నాలుగులా? కథ చెప్పినా కాస్త అతికేట్టు చెప్పు మావయ్యా. అసలు సంగతి చెప్పు."

ఇన్నేళ్ళూ అబద్ధాలు చెబితే ఎగబడి నమ్మారు. ఇవాళ తాజాగా ఒక నిజం తెస్తే బోణీ కావట్లేదు. మావయ్యకి ఒళ్ళు మండింది.

"చూడలేదంటే చూడలేదే. ఎన్నిసార్లు చెప్పాలి?"

"మధ్యలో ఆగిపోయాను, అది చూశావా లేదా?" దాని గొంతు సన్నబడింది. "వానల వార్తలో ఒక ఊరి పేరు దగ్గర నోరు తిరగలేదు. మీరంతా చూస్తున్నారని గుర్తొచ్చి ఇంకా బిగుసుకుపోయా. బాగా అసహ్యంగా ఉందా? నాకు చెప్పలేకే ఈ కథా?"

మావయ్య కోపం ఎక్కడిదక్కడ దిగిపోయింది. ఫోను అక్క చేతిలో పెట్టాడు. "నువ్వు చెప్పక్కా. నీ మీద ఒట్టేసి చెప్పినా నన్ను నమ్మదు."

అక్క బావ వైపు చూసింది, ఫోను వైపు చూసింది. "చూడలేదమ్మా," అంది మెల్లగా. "ఎవ్వరం చూడలేదు. చివరి ముక్క ఒక్కటే దొరికింది."

అవతల నుంచి ఒక పెద్ద నిట్టూర్పు వచ్చింది. "హమ్మయ్య. పొద్దుటి నుంచీ ఇంత మంచి మాట వినలేదు." మళ్ళీ అంతలోనే, "మరి నాన్న బంగారంలా చదివావన్నాడేంటి?"

బావ నీళ్ళ ట్యాంకు మూత సరిగ్గా ఉందో లేదో పరీక్షించడం మొదలుపెట్టాడు.

"రేపూ నేనే చదువుతా మావయ్యా. చూస్తావుగా?"

"చూస్తా. చూసి, ఉన్నదున్నట్టు చెబుతా. తర్వాత ఏడవకు."

"ఏడవను."

కిందికి దిగగానే బావ అలవాటుగా టీవీ కట్టేయబోయాడు. మావయ్య రిమోటు లాక్కున్నాడు.

"ముట్టుకోకు బావా. రేపు ఏడింటి దాకా ఇది ఇలా వెలుగుతూనే ఉండాలి. కరెంటు బిల్లు నీది, కాపలా నాది."

ముగ్గురూ వంటలు నేర్పే కార్యక్రమం ఏదో చూస్తూ కూర్చున్నారు. ఎవరికీ దాని మీద ధ్యాస లేదు. కొంతసేపటికి బొమ్మ ఆగిపోయి, తెర మీద ఒక ప్రశ్న వచ్చింది. "ఇంకా చూస్తున్నారా?"

"చూడనిచ్చావా అసలు?" అన్నాడు మావయ్య, మీట నొక్కుతూ.