ఎండ తగలని పక్క

యుద్ధం ఆగి తొమ్మిదేళ్ళయింది. మెడ్వే నదిలో యుద్ధపు ఓడలు వరసగా కట్టేసి ఉన్నాయి. తెరచాపలు లేవు, వాటి కొయ్యలు లేవు, ఫిరంగులు లేవు. పైన పలకల కప్పు. మళ్ళీ అవసరం పడితే తీద్దామని రాజుగారు దాచి ఉంచిన ఓడలు. ఒక్కొక్కదాని మీద నలుగురైదుగురు మనుషులు. ఓడ ఉన్నన్నాళ్ళు వాళ్ళ కాపురం దాని మీదే.

‘స్టెడ్‌ఫాస్ట్’ ఓడకి వడ్రంగి జోసయా క్వెస్టెడ్. ఓడ ఒళ్ళు చెడకుండా చూడడం అతని పని. అడుక్కి దిగిన నీళ్ళు తోడించాలి. ఫిరంగి కిటికీలు తెరిచి గాలాడించాలి. ఏడాదికి రెండుసార్లు ఓడని తల ఇటు, తోక అటు చేసి కట్టించాలి. ముందూ వెనకా గొలుసులతో బిగించిన ఓడ తనంతట తాను తిరగదు. తిప్పకపోతే ఎండంతా ఒక పక్కకే. రెండో పక్క చెమ్మకి నాని పుచ్చిపోతుంది. అట్టు తిరగేయడం లాంటిదే. మరిచిపోయే పని కాదు.

జోసయా మరిచిపోలేదు. తిప్పలేదు, అంతే.

అతని భార్య థామసిన్‌కి ఊపిరితిత్తుల జబ్బు. రెండేళ్ళ కిందటి చలికాలం చచ్చి బతికింది. వాళ్ళ గది ఓడ వెనక భాగంలో ఎడమ పక్క. ఆ వేసవి ఎండ మధ్యాహ్నం నుంచి పొద్దు వాలేదాకా ఆమె మంచం మీద పడింది. దగ్గు తగ్గింది. లేచి కూర్చుంది. అక్టోబరులో ఓడ తిప్పే రోజు వచ్చింది. తిప్పితే ఆ గదికి ఎండ ఉండదు. రేవు అధికారులు అడిగితే జోసయా ‘అయిపోయింది’ అన్నాడు. వాళ్ళకి తిప్పడానికి పడవలు చాలవు, ఒక ఓడ తగ్గితే సంతోషమే. అలా నాలుగుసార్లు అన్నాడు. ఓడ మీది వాళ్ళతో మాత్రం రేవువాళ్ళే తిప్పొద్దన్నారని చెప్పాడు.

నాలుగోసారి అన్న ఏప్రిల్‌లోనే ఒక ఉదయం వంటవాడు ఏబెల్ పిల్చర్ కిందికి దిగి వచ్చాడు. ఏబెల్‌కి ఒక కాలు యుద్ధంలో పోయింది. చెక్కకాలు చేసిచ్చింది జోసయాయే. కానీ ఇద్దరికీ ఐదేళ్ళుగా సరైన మాటల్లేవు. పెట్టె చేద్దామని జోసయా మూడేళ్ళు ఆరబెట్టుకున్న ఓకు పలకని ఏబెల్ బఠానీల పులుసు కింద మంటపెట్టాడు.

“ఏంటి, మళ్ళీ కట్టెలు కావాలా?” అన్నాడు జోసయా.

“ఆ రోజు పులుసు రెండుసార్లు వేయించుకుని తిన్నావు, నేను మర్చిపోలేదులే. ఇది విను మేస్త్రీ.”

ఏబెల్ ఎడమ పక్క పలకల మీద నడిచాడు. టక్, టక్, టక్. కుడి పక్కకి వెళ్ళి నడిచాడు. టక్, టక్, బొద్.

“నీ కాలు అరిగింది” అన్నాడు జోసయా.

“కాలరిగితే రెండు పక్కలా ఒకేలా మోగాలి. ఎల్లుండి తనిఖీకి టిల్డెన్ దొర వస్తున్నాడు. బాల్టిక్ సముద్రం మీదికి ఓడల్ని ఏరుతున్నారంట. ఆరొందల మంది ఎక్కుతారు దీని మీద. నేనూ ఎక్కుతా. మునిగితే నీకేం, ఒడ్డున నిలబడి సంతాపంగా టోపీ తీస్తావు.”

ఏబెల్ వెళ్ళిపోయాక జోసయా కన్నాలు తొలిచే బర్మా తీసుకుని కుడి పక్క గోడకి కన్నం వేశాడు. రావాల్సింది పొడి రంపపు పొట్టు. వచ్చింది తడి పొగాకు లాంటిది. వేలు పెడితే వేలంతా దిగింది. లోపలి దూలాల సందున పళ్ళేలంత పుట్టగొడుగులు.

తారూ రంగూ ఉన్నాయి. రెండు రోజులుంది. పైన పూస్తే దొర కంటికి ఆనదు. చెబితే ఉద్యోగం పోతుంది, గది పోతుంది, ఎండ పోతుంది. ఆలోచిస్తూ గదికి వెళ్ళాడు.

థామసిన్ ఎండలో కూర్చుని మేజోడు కుడుతోంది.

“ఏమయ్యా, చేతులకి ఆ వాసనేంటి?”

“కింద చెమ్మగా ఉంది.”

“తిప్పకపోయినా ఏం కాదని రేవువాళ్ళే అన్నారన్నావుగా, మరి అంత చెమ్మేంటి?”

జోసయా చెప్పేశాడు. ఎక్కువ మాటలు పట్టలేదు.

ఆమె సూది ఆపింది. “నాలుగుసార్లు అబద్ధమా?”

“నీ కోసమే.”

“నన్నడిగావా? ఆరొందల మంది తల్లులకి ఏం చెప్పమంటావు నన్ను?” మేజోడు ఒళ్ళో పెట్టేసింది. “అవతలి పక్క గది ఏబెల్‌ది. ఓడ తిరిగితే ఎండ తిన్నగా అక్కడికే పోతుంది. ఆరు నెలలు గది మార్చుకుందామని ఒక్క మాట అడగలేకపోయావా?”

“వాడినా!”

“వాడినే.”

ఆ సంగతి జోసయాకి తట్టక కాదు. మొదటి అక్టోబరులోనే తట్టింది. ఏబెల్ వంటింటి దాకా వెళ్ళాడు కూడా. పొయ్యిలో మంట చూసి ఓకు పలక గుర్తొచ్చి వెనక్కి వచ్చేశాడు.

ఆ రెండు రోజులూ జోసయా తారు డబ్బా మూత తీయలేదు. కుడి పక్కంతా సుత్తితో కొట్టి చూశాడు. బొద్‌మన్న చోటల్లా సుద్దతో సున్నా చుట్టాడు.

టిల్డెన్ దొర వచ్చాడు. లాంతరు పట్టుకుని ఆ పక్క పొడుగునా నడిచాడు.

“ఎవరు పెట్టారీ గుర్తులు?”

“నేనే అయ్యా. నలభై ఒకటి.”

“ఎలా వచ్చింది ఇంత పుచ్చు?”

“రెండేళ్ళుగా ఓడ తిప్పలేదు. తిప్పానని చెప్పాను.”

దొర ఒక సున్నాలో ఇనప చువ్వ గుచ్చి తీశాడు. “నేను వెతికితే పన్నెండు దొరికేవి. మిగతావి సముద్రంలో దొరికేవి” అన్నాడు.

తీర్పు అక్కడే చెప్పాడు. ఓడ ఈ ఏడు కదలదు. వచ్చే వసంతంలో మరమ్మతుకి వెళుతుంది. జోసయా ఇక ఓడ వడ్రంగి కాడు. పుచ్చు పలకలు ఊడబీకే కూలివాడుగా ఉండొచ్చు. కొత్త వడ్రంగి శనివారం వస్తాడు, గది ఖాళీ చెయ్యాలి. ఓడని ఈ పూట వచ్చే సముద్రపు పోటుకే తిప్పాలి.

దొర పడవ వెళ్ళాక జోసయా వంటింటికి వెళ్ళాడు. ఈసారి మంట వైపు చూడలేదు.

“ఏబెల్, నీ గది...”

“ఊడ్చి ఉంచా. థామసిన్ అక్క నిన్ననే చెప్పింది. నేనిక్కడ పొయ్యి పక్కన పడుకుంటా, వెచ్చగా ఉంటుంది. ఐదేళ్ళు పట్టిందేంట్రా బాబూ ఈ మాటకి?”

“అక్టోబరులో మళ్ళీ తిప్పుతారు. అప్పుడు ఎండ మళ్ళీ మా పాత గది వైపు వచ్చేస్తుంది.”

“అప్పుడు కొత్త మేస్త్రీని నేనడుగుతా. నాకు నోరుంది. నువ్వు నీ నోరు కూడా ఆరబెట్టుకున్నావు, ఓకు పలకలాగా.”

మధ్యాహ్నం పోటు వచ్చింది. పడవలు తాళ్ళు లాగాయి. రెండేళ్ళు కదలని ఓడ మూలిగి, మెల్లగా తల తిప్పింది. ఏబెల్ గదిలో థామసిన్ మంచం వేసి ఉంది. వెలుగు ముందు గుమ్మం మీద పడింది, తర్వాత నేల మీద, తర్వాత ఆమె పాదాల మీద. నాచు పట్టిన కుడి పక్క పలకల నుంచి ఆవిరి లేచింది.

జోసయా ఏబెల్‌ని పీపా మీద కూర్చోబెట్టి, కొత్తది చెయ్యడానికి దారంతో ఆ చెక్కకాలి కొలత తీసుకున్నాడు.