కళ్లజోళ్ల షాపు వంతెన

మా అత్తగారి కళ్లజోళ్ల షాపు ఊరికి ఈ చివర, అద్దాలు అరగదీసే వర్క్‌షాపు ఆ చివర. అక్కడ మామగారు ఒక్కరే. షాపు కంప్యూటర్లో కొలత కొడితే అక్కడి మిషను అందుకోవాలి. కానీ దానికి మహా టెక్కు, తనున్న గదిలో కంప్యూటరు మాటే వింటుంది. విసిగిపోయిన అత్తగారు, వర్క్‌షాపును షాపు వెనక గదిలోకి మార్చడానికి లారీ మాట్లాడేశారు.

మామగారికి పైప్రాణాలు పైనే పోయాయి. "బాబూ, నన్ను ఆవిడ కళ్లముందు కూర్చోబెట్టకు. ఏదో ఒకటి చెయ్యి," అని ఫోన్లో బతిమాలారు. ఇంట్లో ఆవిడ కూతురి కళ్లముందు కూర్చునేవాణ్ణి, నాకు జాలేసింది.

రెండు చోట్లా లినక్సుతో నడిచే చిన్న కంప్యూటరు పెట్టె ఒక్కోటి పెట్టి, మధ్యలో ఇంటర్నెట్‌ గుండా సొరంగం వేసి, దాని రెండు కొసలనూ రెండు గదుల నెట్‌వర్కులకు బ్రిడ్జితో, అంటే వంతెనలాంటి లంకెతో, కలిపితే చాలు. మిషను లెక్కలో రెండూ ఒకే గది. నేను షాపులోనే కూర్చుని అటు పెట్టెకు కమాండ్లు కొట్టాను. తొందరలో, దాని అడ్రసు బ్రిడ్జికి మార్చకుండానే నెట్‌వర్కు కార్డును బ్రిడ్జిలో కలిపేశాను. నేను ఆ పెట్టెతో మాట్లాడుతున్నదే ఆ కార్డు ద్వారా. లంకె తెగి తెర బిగుసుకుపోయింది. నన్ను నేనే తిట్టుకుని ఫోన్ చేశాను.

"మామయ్యగారూ, కీబోర్డు ముందు కూర్చుని నేను చెప్పింది కొట్టండి. ఐ, పి, తర్వాత ఖాళీ."

"ఖాళీ ఎక్కడుంది బాబూ?"

"కింద పొడుగు మీట."

"లారీ వచ్చేసింది బాబూ!"

"రానివ్వండి, మీరు కొట్టండి."

నాలుగు లైన్లకు నలభై నిమిషాలు పట్టింది. చివరి ఎంటరు నొక్కగానే షాపు తెర మీద మిషను పేరు ప్రత్యక్షమైంది. కొలత పంపితే అద్దం అరుగుతున్న చప్పుడు ఫోన్లో వినబడింది. సంతోషం పట్టలేక గెంతేశాను. అత్తగారు లారీని వెనక్కి పంపించేయమని చెప్పి, తెర మీదకి వంగారు. మిషను పేరు కింద ఇంకో పేరుంది: యాభై అంగుళాల టీవీ.

ఆవిడ నా చేతిలో ఫోన్ లాక్కున్నారు. "ఏమండీ, అద్దాలు అరగదీయడానికి టీవీ ఎందుకు?"

"అదే... సీరియల్సు..." ఆయన నీళ్లు నమిలారు.

"పదకొండేళ్లుగా నేనిక్కడ గోడ చూస్తూ కూర్చుంటే మీరొక్కరే చూస్తున్నారా?" కోపంకన్నా బాధే ఎక్కువగా ఉంది ఆ గొంతులో. నా వైపు తిరిగారు. "బాబూ, ఇవాళ్టి నుంచి మధ్యాహ్నాలు నేనూ అక్కడే. షాపు మీరు చూసుకోండి."

షాపు తాళాలూ ఫోనూ నా చేతిలో పెట్టి వెళ్లిపోయారు. ఫోన్లో మామగారు ఇంకా ఉన్నారు.

"బాబూ," అన్నారు రహస్యంగా, "ఈ వంతెన మళ్లీ తెగ్గొట్టాలంటే ఏ మీట నొక్కాలి?"