తూకం మాస్టారి ఎంట్రీ

శనివారం పదకొండు దాటాక వచ్చిన ఎంట్రీ ఎవరిదైనా సరే తీసుకోనని, మూడేళ్ల కిందట ఫోన్లో గ్రూపు పెట్టిన రోజే ఆమె చెప్పేసింది. అందుకే అందరూ ఆమెకు గంటమ్మ అని పేరు పెట్టారు. ఆ పేరు ఆమెకు లోలోపల ఇష్టమే.

గ్రూపులో ఇరవై ముగ్గురు. ప్రతి శనివారం ఆరు గుర్రప్పందేలు. ఒక్కో పందెంలో ఏ గుర్రం గెలుస్తుందో ముందే చెప్పాలి. గెలిస్తే పది పాయింట్లు, రెండో స్థానంలో వస్తే ఐదు. మరెవరూ ఎంచుకోని గుర్రం గెలిస్తే ఇరవై. డబ్బు ఊసెత్తిన వాళ్లని గ్రూపులోంచి తీసేయడమే. ఏడాది చివర అందరికంటే పైన ఉన్నవాళ్ల పేరు పక్కన ఆమె చిన్న గుర్రం బొమ్మ పెడుతుంది. ఆ బొమ్మ కోసం ఇంతమంది పెద్దవాళ్లు వారమంతా గుర్రాల పాత పరుగులూ, అవి మోసే బరువులూ, మైదానం తడీ తిరగేసి, చిన్నపిల్లల్లా పోట్లాడుకునేవాళ్లు.

ఆమె పనిచేసేది పళ్ల సెట్లు తయారుచేసే ల్యాబులో. ఇరుకు గది, పొడవాటి బల్ల, బల్ల నిండా ఎవరెవరివో దవడల అచ్చులు. వెంట్రుకవాసి తేడా వచ్చినా పెట్టుకున్నవాళ్లకి అన్నం సహించదు. అలాంటి పని చేసీ చేసీ ఆమెకు తప్పంటే ఒళ్లు మంట. గ్రూపు పట్టికలో మూడేళ్లుగా ఒక్క అంకె కూడా తప్పలేదు. ఈ సంగతి జరగడానికి ముందు వారమే గ్రూపులోని బస్సు డ్రైవరు నాలుగు నిమిషాలు ఆలస్యంగా ఎంట్రీ పంపాడు.

"సిగ్నల్ దగ్గర ఇరుక్కుపోయానమ్మా, బండి ఆపి పంపాను. ఈ ఒక్కసారికి చూసీచూడనట్టు వదిలెయ్," అని బతిమాలాడు.

"అన్నా, నీ బస్సు నాలుగు నిమిషాలు ముందే వెళ్లిపోతే ఊరుకుంటారా జనం?" అని గ్రూపులో అందరూ చూసేలా రాసింది. తలో నవ్వు బొమ్మా పెట్టారు. ఆ వారం డ్రైవరు వరసలో సున్నా పడింది.

అందరూ ఫోన్లోనే ఫారం నింపి పంపేవాళ్లు, ఒక్క తూకం మాస్టారు తప్ప. ఆయన ముప్ఫై నాలుగేళ్లు రేసుకోర్సులో తూకం గుమస్తాగా పనిచేసి రిటైరైన మనిషి. పందెం ముందూ, పందెం తర్వాతా జాకీని జీనుతో సహా కాటా ఎక్కించి బరువు రాసుకోవడం ఆయన ఉద్యోగం. అక్కడి ఉద్యోగులు పందెం కాయకూడదు కాబట్టి జీవితంలో ఒక్క గుర్రం మీద కూడా పైసా పెట్టలేదు. డెబ్భై ఆరో ఏట, కూతురు తన ఫోన్లో ఈ గ్రూపు చూపించాక, మొదటిసారి ఫలానా గుర్రం నాది అని చెప్పుకునే అదృష్టం పట్టింది. ఆ మీటలు తన వేళ్లకి లొంగవని, శనివారం పదిన్నరకల్లా ఇంట్లో ఉన్న పాతకాలపు ఫోన్లోంచి గంటమ్మకి చేసి చెప్పేవారు. ఆమె ఆయన తరఫున ఫారం నింపేది.

"తల్లీ, రాసుకో," అని మొదలుపెట్టేవారు. "బాగా పరిగెత్తే గుర్రానికి ఎక్కువ బరువు కడతారు, మిగతావాటికి న్యాయం జరగాలని. అందుకని గుర్రాన్ని చూడకు, దాని వీపు మీదున్నది చూడు." ఆ మాటతో పాటు ఎప్పుడో ముప్ఫై ఏళ్ల నాటి పందెం ఒకటి గుర్తు చేసుకునేవారు. ఏ గుర్రం, ఏ జాకీ, కాటా మీద ఎంత తూగాడు, అరకిలోతో సహా చెప్పేవారు. గ్రూపులో ఒకరిద్దరు పాత పేపర్లు వెతికి మరీ సరిచూశారు. ఒక్కటీ తప్పు పోలేదు.

ఆ శనివారం ల్యాబులో అర్జంటు పని వచ్చింది. మధ్యాహ్నం సభలో మాట్లాడాల్సిన పెద్దమనిషి పళ్ల సెట్టు పొద్దున్నే చేయిజారి పగిలింది. గంటమ్మ అచ్చు పోయడానికి ప్లాస్టరు కలిపింది. కలిపాక అది ఎవరి కోసమూ ఆగదు, నిమిషాల్లో గట్టిపడిపోతుంది. సరిగ్గా అప్పుడే మాస్టారి ఫోను మోగింది. మోచేత్తో స్పీకరు నొక్కింది.

"తల్లీ, రాసుకో."

"చెప్పండి మాస్టారూ." మణికట్ల దాకా తెల్లటి ముద్ద.

ఆయన నింపాదిగా ఆరూ చెప్పారు. ఆరో పందెం దగ్గర కాస్త ఆగి, "తొమ్మిదో నంబరు. ఎవరూ దాని మొహం చూడరు, నాకు తెలుసు. యాభై ఒకటిన్నర కిలోలే మోస్తోంది. రాత్రి వాన పడింది. ఆ బురదలో బరువున్నవి కాళ్లీడుస్తాయి. రాసుకున్నావా?" అన్నారు.

"రాసుకున్నా మాస్టారూ."

చేతులు కడుక్కోగానే రాద్దామనుకుంది. కడుక్కునేలోపు ఓనరు వచ్చి మైనం కరిగిందా అని అడిగాడు. తర్వాత పళ్ల రంగు సరిపోలేదు. సెట్టు డబ్బాలో పెట్టి పంపించి, నడుం వాల్చి, ఫోను తెరిచేసరికి పన్నెండున్నర. పట్టికలో ఇరవై రెండు వరసలు నిండి ఉన్నాయి. మాస్టారి వరస ఖాళీ. రెండు పందేలు అప్పటికే అయిపోయాయి.

ఉన్నది ఉన్నట్టు గ్రూపులో చెప్పేస్తే పోయేది. కానీ బస్సు డ్రైవరు మాట గుర్తొచ్చి చెయ్యి ముందుకు పోలేదు. ఒక్క వారమేగా, ఆయన ఎంచుకున్నవి గెలుస్తాయన్న నమ్మకమేముంది, అడిగినప్పుడు చూసుకోవచ్చులే అని సర్దిచెప్పుకుంది.

తొమ్మిదో నంబరు గెలిచింది. ఉత్తినే గెలవడం కాదు, బురద చిమ్ముకుంటూ నాలుగు గుర్రాల దూరం ముందుకొచ్చి గెలిచింది. మాస్టారు చెప్పిన ఆరింట్లో నాలుగు గెలిచాయి. మూడేళ్లలో ఎవరికీ రానన్ని పాయింట్లు.

సాయంత్రం కూతురు డ్యూటీ నుంచి ఇంటికి రాగానే ఆమె ఫోన్లోంచి మాస్టారి గొంతు గ్రూపులోకి వచ్చింది. "ఏమయ్యా, చూశారా నా తొమ్మిదో నంబరుని! గంటమ్మ తల్లికి పొద్దునే చెప్పాను, బురదలో బరువున్నవి కాళ్లీడుస్తాయని!" నవ్వుతో పాటు దగ్గు కూడా వచ్చింది.

ఎవరో అడిగారు, "మరి మాస్టారి వరస ఖాళీగా ఉందేం?"

అందరూ ఎదురుచూస్తున్నారు. ఆమె వేళ్లు వాటంతటవే కదిలాయి. "మాస్టారు ఈ వారం ఫోన్ చేయలేదండీ."

పంపిన మరుక్షణం నాలుక కరుచుకుంది. చెరిపేద్దామనుకునేలోగా పదిమంది చూసేశారు. రెండు నిమిషాల్లో ఆయన ఫోను.

"నేను చేయలేదా తల్లీ?"

కోపం లేదు ఆ గొంతులో. కోపం ఉంటే బాగుండేదని ఆమెకు తర్వాత చాలాసార్లు అనిపించింది.

"లేదు మాస్టారూ."

"రాసుకున్నానన్నావు కదా. నాకు వినిపించిందే."

"అది పోయిన వారం మాస్టారూ. వారాలు కలిసిపోయి ఉంటాయి."

"అంతేనేమో," అన్నారు. "అంతే అయుంటుంది. ఏమనుకోకు తల్లీ, అందరిముందూ నిన్ను తప్పుపట్టినట్టయింది."

ఫోను పెట్టేశాక ఆమె తన ఫోన్లో వచ్చిన కాల్స్ చూసింది. పది ముప్ఫై రెండుకి మాస్టారి ఇంటి నంబరు, నాలుగు నిమిషాలు. దాని మీద వేలు నొక్కిపట్టి తీసేసింది. ఆ పని చేస్తున్నప్పుడు పక్కన ఎవరూ లేరు, అయినా ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంది.

తర్వాతి శనివారం పదిన్నరకి ఫోను రాలేదు. ఆ పై వారమూ రాలేదు. ఆమెకు మొదట హాయిగా అనిపించింది. ఆ హాయికి తనమీద తనకే అసహ్యం వేసింది. మూడోవారం మాస్టారి కూతురు చేసింది. కూతురు ఆస్పత్రిలో నర్సు. ఇద్దరూ ఎప్పుడూ ముఖాముఖి చూసుకోలేదు.

"అక్కా, మీకు థాంక్స్ చెబుదామని చేశాను," అంది.

"నాకెందుకు?"

"మా పెదనాన్నకి మతిమరుపు జబ్బు వచ్చి, చివరికి మమ్మల్నెవర్నీ గుర్తుపట్టకుండానే పోయారు. నాన్నకి ఎప్పుడూ అదే బెంగ. మీరు మొహమాటపడకుండా ఉన్నమాట చెప్పబట్టి ముందే తెలిసింది. వేరేవాళ్లయితే పెద్దాయన కదాని సర్దేసేవాళ్లు. వచ్చే గురువారం డాక్టరుకి చూపిస్తున్నాను. ఇప్పుడు స్టవ్ దగ్గరికి వెళ్లడం మానేశారు, ఒక్కరూ బయటికి పోవట్లేదు. నేను డ్యూటీకెళ్లేటప్పుడు బయట తాళం వేసుకుపొమ్మంటున్నారు."

ఇప్పుడు చెప్పెయ్, ఇప్పుడు చెప్పెయ్ అని గంటమ్మ లోపల ఒకటే రొద. "జాగ్రత్తగా చూసుకో అమ్మా," అని మాత్రం అనగలిగింది.

ఆ తర్వాత రెండు రోజుల్లో మూడు సెట్లు పాడుచేసింది. ఓనరు ఒక సెట్టు చేతిలో పట్టుకుని, "ఇది మనిషి నోట్లో పెట్టేదేనా?" అన్నాడు. ఇంట్లో భర్త ఏమైందని అడిగితే తలనొప్పి అంది. ఆయన మాత్ర తెచ్చిచ్చాడు. అదీ మింగింది.

ఆదివారం ఉదయం చిరునామా కనుక్కుని మాస్టారి ఇంటికి వెళ్లింది. మొదటి అంతస్తులో రెండు గదులు. కూతురు తలుపు తీసి, "అక్కా, మీరేనా! రండి రండి," అని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. ఆ చెయ్యి వెచ్చగా ఉంది.

గోడల నిండా చీటీలు. అచ్చుగుద్దినట్టున్న గుమస్తా చేతిరాత. "మాత్ర వేసుకున్నాను, 8-05." "కుళాయి కట్టేశాను, 8-40." "అమ్మాయి వెళ్లింది, 9-15. తాళం వేసింది." ఫోను పక్కన ఒక పుస్తకం, అందులో ఎవరెవరికి ఎప్పుడు చేశారో గీతలు గీసి మరీ రాసి ఉంది. మాస్టారు కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఆమె అనుకున్నంత ఎత్తరి కాదు.

"గంటమ్మ తల్లివా? గొంతు తెలుసుగానీ మొహం తెలీదు. ఒక్కటి చెప్పు తల్లీ. నేను నీకు చెప్పే పాత బరువులన్నీ, అవి నిజమేనా? ఎవరో సరిచూశారన్నావు. నన్ను బాధపెట్టకూడదని అన్నావేమో అని."

ఆమెకు కూర్చోమన్న కుర్చీలో కూర్చోవాలనిపించలేదు. నిలబడే చెప్పింది. ప్లాస్టరు, స్పీకరు, పన్నెండున్నరకి చూసుకోవడం, గ్రూపులో రాసిన అబద్ధం, వారాలు కలిసిపోయాయన్న మాట, చివరికి కాల్ తీసేసిన సంగతి కూడా. దేన్నీ వదల్లేదు.

ఆయన తల వంచుకుని విన్నారు. "అంటే నేను ఫోన్ చేశాను."

"చేశారు."

"తొమ్మిదో నంబరు చెప్పాను."

"చెప్పారు మాస్టారూ. యాభై ఒకటిన్నర కిలోలనీ చెప్పారు."

ఆయన వంటగది వైపు తిరిగి కూతుర్ని పిలిచారు. కూతురు కాఫీ గ్లాసులతో వచ్చింది. "ఇప్పుడు నాకు చెప్పింది మా అమ్మాయికి కూడా చెప్పండి," అన్నారు.

చెప్పండి అన్నారు. తల్లీ అనలేదు. రెండోసారి చెప్పడం మొదటిసారి కంటే వెయ్యిరెట్లు కష్టమైంది. సగంలోనే కూతురి మొహం మాడిపోయింది. చేతిలో గ్లాసులు బల్ల మీద పెట్టేసింది.

"మూడు వారాలు," అంది. "మొన్న నేను థాంక్స్ కూడా చెప్పాను మీకు. వింటూ ఊరుకున్నారు."

"అవును."

"నేను తాళం వేసుకుని పోతున్నాను. కన్నతండ్రిని లోపల పెట్టి."

మాస్టారు చెయ్యెత్తి కూతుర్ని ఆపారు. లేచి గోడ దగ్గరికి వెళ్లి, చీటీలు ఒక్కొక్కటీ పీకడం మొదలుపెట్టారు. గోళ్లు తగిలిన చోట గోడ సున్నం ఊడుతోంది. సాయం చేద్దామని గంటమ్మ ఒక అడుగు వేసింది. "వద్దు," అన్నారాయన, వెనక్కి తిరగకుండానే. "మీరు వెళ్లిరండి."

ఆమె మెట్లు దిగి వచ్చేసింది. ఇంటికి చేరకుండానే, రోడ్డు పక్కన ఒక బల్ల మీద కూర్చుని గ్రూపులో అంతా రాసింది. నన్ను క్షమించండి అన్న మాట రాసి కొట్టేసింది, అడిగే మొహం లేక. గ్రూపు నడపడం మానుకుంటున్నానని రాసి ముగించింది. ఇద్దరు గ్రూపులోంచి వెళ్లిపోయారు. ఒకరు, "మూడేళ్ల పాయింట్లన్నీ మళ్లీ చూడాలేమో," అన్నారు. ఆమెకు చెంప మీద కొట్టినట్టయింది, కానీ కాదనడానికి నోరేదీ? సాయంత్రానికి బస్సు డ్రైవరు రాశాడు. "పట్టిక నాకు ఇవ్వమ్మా. నాకు వచ్చినట్టు నడుపుతాను." తన నాలుగు నిమిషాల మాట ఎత్తలేదు. ఎత్తితే బాగుండేదని ఆమె అనుకుంది.

అందరూ కలిసి మాస్టారికి ఆ శనివారం పాయింట్లు ఇవ్వాలని తీర్మానించారు. ఆయన కూతురి ఫోన్లోంచి రెండే ముక్కలు చెప్పారు. "పట్టికలో లేని ఎంట్రీకి పాయింట్లు వద్దు. నేను చెప్పానని మీకందరికీ తెలిసింది. చాలు." డాక్టరు దగ్గరికి మాత్రం వెళ్లొచ్చారట, ఎలాగూ టైం ఇచ్చారని. వయసుకి మించిన మరుపేమీ లేదన్నాడట డాక్టరు. ఆ కబురు కూడా ఆమెకు గ్రూపులోనే తెలిసింది, అందరితో పాటు.

నెల తర్వాత మాస్టారు మళ్లీ ఆడటం మొదలుపెట్టారు. పదిన్నరకి డ్రైవరుకి ఫోన్ చేసి చెబుతారు. డ్రైవరు బండి పక్కకి ఆపి, రాసుకుని, రాసింది తిరిగి చదివి వినిపిస్తాడట. గంటమ్మ కూడా అందరిలా ఫారం నింపి పంపుతోంది. ఇప్పుడు ఆమెను ఆ పేరుతో ఎవరూ పిలవడం లేదు. ఆడటం కూడా మానేద్దామని చాలాసార్లు అనుకుంది, కానీ మొహం చాటేస్తే అది మరింత సిగ్గుచేటనిపించింది.

ఒక శనివారం డ్రైవరు ఆమెకు ఫోన్ చేశాడు.

"అమ్మా, ఇవాళ మాస్టారు ఎంట్రీ చెప్పాక నిన్ను అడిగారు. ఎలా ఉందని. నాకేం తెలుసండీ, కనుక్కుని చెప్తానన్నాను. ఏం చెప్పమంటావ్?"

ల్యాబులో చేతినిండా పని ఉంది. ఆమె ఫోను చెవికి ఆనించుకుని కిటికీ దగ్గరికి వెళ్లింది.

"అడిగారా? ఆయనే అడిగారా?"

"ఆయనే."

"బాగానే ఉన్నానని చెప్పన్నా," అంది. ఫోను పెట్టేశాక తనకు సంతోషం కలిగిందని గమనించింది. ఆ సంతోషానికీ సిగ్గుపడుతూ వెళ్లి బల్ల ముందు కూర్చుంది.