అచ్చం మంజులతే

తోటకూర కాడలకు పీచు తీస్తున్న విశాలాక్షికి టీవీలోంచి మంజులత గొంతు వినిపించింది. తెర మీద ఏడుస్తున్న తల్లి ఎవరో పరాయి భాష నటి. ఏడుపు మాత్రం ఆమెకు డబ్బింగ్ చెప్పిన మంజులతది.

"గొంతంటే అదీ," అన్నాడు భర్త సుబ్రహ్మణ్యం, సోఫాలో కాళ్ళు చాపుకుని. "అన్నం కలిపి ముద్ద పెడుతున్నట్టుంటుంది. నీదీ ఉంది ఎందుకు, కుక్కర్ విజిల్లా. ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టారు కదే. ఆవిడేమో జూబ్లీహిల్స్‌లో ఇల్లు కట్టింది, నువ్వు మధురానగర్‌లో కూర తరుగుతున్నావు."

ఆ కూర తినేది తనేనని అతనికి గుర్తు రాలేదు.

ఒకేసారి మొదలుపెట్టిన మాట నిజమే. పెళ్ళిపందిట్లో జనం, సంతలో ఆడవాళ్ళు, అలాంటి సీన్లకు మైకు ముందు గుంపుగా నిలబడి గొంతులిచ్చేవాళ్ళు. అప్పట్లో మంజులతకే చీవాట్లు పడేవి. "నీ భాష సరిచేసుకోమ్మా, విశాలాక్షిని చూసి పలుకు" అనేవారు. ఏలూరు నుంచి తెచ్చుకున్న ఆ పలుకును విశాలాక్షి కొత్త నగలా పెట్టుకు తిరిగింది. తర్వాత అత్తగారికి పక్షవాతం వచ్చింది. మంచం దగ్గర ఒక మనిషి ఉండాలన్నారు. ఆ మనిషి ఎవరన్నది ఎవరూ మాట్లాడుకోనైనా లేదు. అత్తగారు పోయి, తను మళ్ళీ స్టూడియో గుమ్మం ఎక్కేసరికి సినిమాల్లో తల్లులు తెలంగాణ మాట్లాడుతున్నారు. ఆ తల్లులందరూ మంజులతే. విశాలాక్షికి మిగిలింది మళ్ళీ ఆ గుంపే.

అప్పటి నుంచీ గిన్నెలు తోముతూ, కుళాయి పెద్దగా తిప్పి, ఆ చప్పుడు చాటున మంజులతలా మాట్లాడడం అలవాటైంది. మొదట్లో వెక్కిరింపే. ఊపిరి ఎక్కడ ఆపుతుంది, 'బిడ్డా' అన్న మాటను ఎక్కడ వంచుతుంది, ఇందులో ఇంత గొప్పేముంది అని తేల్చుకోవడానికి. పోనుపోను వెక్కిరింపు పోయి గొంతు మిగిలింది. మొన్న మంజులతకు గొంతులో గడ్డ తీశారని, కొన్నాళ్ళు మాట్లాడకూడదన్నారని విన్నప్పుడు విశాలాక్షికి ముందు సంతోషం కలిగింది. ఆ వెనకే సిగ్గేసింది. అయినా ఆ పూట పప్పుచారు బ్రహ్మాండంగా కుదిరింది.

ఫోన్ మోగింది. డబ్బింగ్ ఇన్‌చార్జ్ ఓంప్రకాష్. "మేడం, జర ఫిల్మ్‌నగర్ రాండ్రి. రిలీజ్ దగ్గర పడ్డది, మంజులత మేడంవి కొన్ని సీన్లు మిగిలినయ్. గొంతు ఆమెదే అనిపించాలె. మీరు చెప్పగలరని ఆమెనే మెసేజ్ పెట్టింది."

ఆమెకెలా తెలుసు? కుళాయి చప్పుడు జూబ్లీహిల్స్ దాకా వినబడదు కదా. విశాలాక్షి కాడలు ఫ్రిజ్‌లో పెట్టి బయల్దేరింది.

స్టూడియోలో అద్దానికి అవతల, ఓంప్రకాష్ పక్కన మంజులత కూర్చుని ఉంది, మెడ చుట్టూ శాలువా. ఆ చీర రంగు తనకైతే ఇంకా నప్పేదనుకుంటూ విశాలాక్షి మైకు దగ్గరికి నడిచింది. తెర మీద తల్లి మూసిన తలుపు ముందు నిలబడింది.

"తలుపు తియ్యి బిడ్డా. అమ్మనే."

"ఓకే," అన్నాడు ఓంప్రకాష్. "అచ్చం మంజులత మేడమే."

విశాలాక్షికి ఒళ్ళు పులకరించింది. వెంటనే అద్దంలోంచి మంజులత మొహం చూసింది, అది మాడిపోతుందేమోనని. మంజులత కళ్ళు తుడుచుకుంటోంది.

టీ తాగేటప్పుడు మంజులత ఆమె పక్కకు జరిగి, డాక్టరు వద్దన్నా వినకుండా, గుసగుసగా అంది. "ఎట్లా తెలిసిందనే కదా ఆలోచిస్తున్నవ్? పదేండ్లు నీ లెక్క పలకనీకి తిప్పలు వడ్డ విశాలా. గిన్నెలు తోముకుంట నీ మాటలే అనుకుంటుంటి. 'ఆమెను జూడు, ఎంత సాఫ్‌గ మాట్లాడుతది' అని మా ఆయన ఒకటే సతాయించెటోడు. ఇప్పుడు నువ్వు గూడ గదే చేస్తుంటవ్ అనుకున్న."

విశాలాక్షి చేతిలో టీ చల్లారింది. ఇన్నేళ్ళూ తను తహతహలాడిన గొంతులో ఎంత మంజులతది, ఎంత తనది?

మిగిలిన సీన్లు అయ్యాక ఓంప్రకాష్ అన్నాడు. "మస్తు వచ్చింది మేడం. ఆమెకు మంచిగయ్యేదాంక ఆమె సినిమాలన్నీ మీకే."

ఎన్నేళ్ళుగానో చూసి కుళ్ళుకున్న చోటు అది. ఇప్పుడు అతనే కుర్చీ జరిపి కూర్చోమంటున్నాడు.

"వద్దండీ," అంది. "నా గొంతుతో టెస్ట్ పెట్టండి. దానికి సరిపోయే పాత్రేదైనా ఉంటే ఇవ్వండి. లేదంటే మళ్ళీ గుంపులో నిలబడతాను."

అతను బుర్ర గోక్కున్నాడు. "రేపు రాండ్రి. కానీ మీ సొంత గొంతు ఎట్లుంటదో నాకు యాదికే లేదు మేడం."

"నాకూ లేదు," అంది విశాలాక్షి.

ఇంటికొచ్చేసరికి టీవీ మోగుతూనే ఉంది. "వచ్చావా, గుంపులో అరిచి? ఆకలి దంచేస్తోంది. మంజులత కనబడిందా? కాస్త ఆవిణ్ణి చూసి నేర్చుకో."

ఆమె బ్యాగు కొక్కేనికి తగిలించింది. వంటింట్లోకి వెళ్ళలేదు, కుళాయి తిప్పలేదు.

"కాడలు ఫ్రిజ్‌లో ఉన్నాయి, పీచు తీసే ఉంచాను. వండుకోండి. రేపు నాకు టెస్టుంది."

ఆ గొంతు మంజులతలా లేదు. కుక్కర్ విజిల్లానూ లేదు. ఎవరిలా ఉందో సుబ్రహ్మణ్యానికి ఎంతసేపటికీ తట్టలేదు.